వీధి కుక్కల సంరక్షణ ఎవరి బాధ్యత? సూరత్ నుంచి సుప్రీంకోర్టు వరకు

2023 ఫిబ్రవరిలో దేశంలోని రెండు నగరాల్లో ఇద్దరు పసిబిడ్డలు వీధి కుక్కల దాడికి బలయ్యారు. హైదరాబాద్‌లోని అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు ప్రాణాలు కోల్పోగా, గుజరాత్‌లోని సూరత్ నగర శివారు ఖజోద్‌లో రెండేళ్ల బాలిక తీవ్రంగా గాయపడి, చికిత్స పొందుతూ మరణించింది. రెండూ రోజువారీ శ్రమపై బతికే కుటుంబాలే. అంబర్‌పేట ఘటనను తెలంగాణ హైకోర్టు సుమోటోగా విచారణకు స్వీకరించింది. రెండు నగరాల్లోనూ ఒకే ప్రశ్న తలెత్తింది. యజమాని లేని కుక్కకు బాధ్యులెవరు?

ఈ ప్రశ్నకు చట్టం ఇచ్చే సమాధానం స్పష్టంగానే ఉంది. వీధి కుక్కకు యజమాని లేకపోవచ్చు గాని, బాధ్యత వహించవలసిన సంస్థ ఉంది. అది స్థానిక సంస్థ, అంటే నగరాల్లో నగరపాలక సంస్థ లేదా పురపాలక సంఘం, పల్లెల్లో పంచాయతీ. అయితే ఆ బాధ్యత శస్త్రచికిత్స, టీకా, చెత్త తొలగింపు, ఆసుపత్రి, ఆహార కేంద్రం వంటి పలు విభాగాల మధ్య చీలి ఉంటుంది. వాటిలో ఏ ఒక్కటి తప్పినా నష్టపోయేది కుక్క కరిచిన మనిషి, అందులోనూ ఎక్కువగా పేదవాడు. ఆ తర్వాత నష్టపోయేది జనాగ్రహానికి గురయ్యే మూగజీవి.

చట్టం నిర్దేశించినది

జంతువుల పట్ల క్రూరత్వ నివారణ రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఉంది. దానిపై కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయవచ్చు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను పన్నెండో షెడ్యూలులో పొందుపరచింది. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఘనవ్యర్థాల నిర్వహణతో పాటు జంతువులపై క్రూరత్వ నివారణ కూడా ఆ జాబితాలో ఉంది. ఒకే సంస్థకు పౌరుల ఆరోగ్యాన్నీ, మూగజీవాల రక్షణనూ కలిపి అప్పగించడం ఇందులోని విశేషం. సకల ప్రాణుల పట్ల దయ చూపడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని 51ఏ(జి) అధికరణం చెబుతోంది.

1960 నాటి జంతు క్రూరత్వ నిరోధక చట్టం కింద కేంద్రం 2001లో కుక్కల సంతాన నియంత్రణ నిబంధనలను రూపొందించింది. వాటి స్థానంలో 2023 మార్చిలో కొత్త నిబంధనలు వచ్చాయి. పెంపుడు కుక్కకు టీకా వేయించడం, దాని సంతానాన్ని నియంత్రించడం యజమాని బాధ్యత అనీ, వీధి కుక్కల విషయంలో ఆ పనులన్నీ స్థానిక సంస్థ బాధ్యత అనీ ఇవి విడదీసి చెప్పాయి. స్థానిక సంస్థ ఈ పనిని జంతు సంక్షేమ మండలి గుర్తింపు పొందిన స్వచ్ఛంద సంస్థకు అప్పగించవచ్చు. అంతమాత్రాన బాధ్యత చేతులు మారదు. నిర్వహణను పర్యవేక్షించడానికి స్థానిక కమిటీ ఉండాలి.

కుక్కలను చంపడం ఈ నిబంధనల ప్రకారం పరిష్కార మార్గం కాదు. నయంకాని వ్యాధితో లేదా ప్రాణాంతక గాయాలతో బాధపడుతున్న కుక్కకు మాత్రమే, అదీ నిర్ణీత పద్ధతిలో, నొప్పిలేని మరణం కల్పించవచ్చు. విషం పెట్టి జంతువులను చంపడం భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ కింద శిక్షార్హమైన నేరం. దానికి ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

పట్టడం నుంచి వదలడం వరకు

నిబంధనలు చెప్పిన పద్ధతి వినడానికి సులువుగా ఉంటుంది. కుక్కను పట్టుకోవాలి, శస్త్రచికిత్స చేయాలి, రేబిస్ టీకా వేయాలి, కోలుకున్నాక తెచ్చిన చోటే వదలాలి. ఆచరణలో ప్రతి దశకూ సిబ్బంది, వాహనం, స్థలం, పశువైద్యుడు కావాలి. కుక్కలను వలతో గాని చేతితో గాని హింస లేకుండా పట్టాలి. ఏ వీధిలో పట్టారో నమోదు చేయాలి. శస్త్రచికిత్స తర్వాత కొన్ని రోజుల పాటు కేంద్రంలోనే ఉంచి, గాయం మానిందని నిర్ధారించుకోవాలి. శస్త్రచికిత్స పూర్తయిన కుక్కకు చెవి కొసన చిన్న గాటు పెడతారు. వీధిలో నడిచే ఎవరైనా ఆ గుర్తును బట్టి పని జరిగిందో లేదో తెలుసుకోవచ్చు. ఆరు నెలలు నిండని పిల్లలను, పాలిచ్చే తల్లులను శస్త్రచికిత్స కోసం పట్టరాదు.

తెచ్చిన చోటే వదలాలన్న నియమంపై ప్రజల్లో అసంతృప్తి ఎక్కువ. దీని వెనుక ఒక లెక్క ఉంది. కుక్కలు తమ పరిధిని కాపాడుకునే జంతువులు. ఒక వీధిలోని కుక్కలను తొలగిస్తే, అక్కడ ఆహారం దొరికినంత కాలం పక్క వీధుల కుక్కలు వచ్చి చేరతాయి. వాటికి టీకా ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఆడకుక్క సుమారు రెండు నెలల గర్భంతో ఒక్కో ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలను పెట్టగలదు. ఏడాదికి రెండుసార్లు ఈనే అవకాశమూ ఉంది. కాబట్టి ఒక ప్రాంతంలోని కుక్కల్లో అత్యధిక భాగానికి తక్కువ కాలంలో శస్త్రచికిత్స జరగకపోతే, చేసిన పని కొత్త ఈతలతో కొట్టుకుపోతుంది. రేబిస్ వ్యాప్తిని ఆపడానికి కనీసం 70 శాతం కుక్కలకు టీకా అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నగరమంతా అక్కడొకటి ఇక్కడొకటి పట్టడం కంటే, ఒక వార్డును పూర్తిచేసి మరో వార్డుకు వెళ్లడం మేలని చెప్పడానికి కారణం ఇదే.

2019 పశుగణన ప్రకారం దేశంలో వీధి కుక్కల సంఖ్య 1.53 కోట్లు. 2012లో అది 1.71 కోట్లు. జాతీయ స్థాయిలో సంఖ్య కొంత తగ్గినా ఆ తగ్గుదల అన్ని నగరాల్లో ఒకేలా లేదు.

ప్లేగు నేర్పినది

వీధి కుక్కల సమస్యను చెత్త నుంచి వేరుచేసి చూడలేం. మాంసం దుకాణాల వ్యర్థాలు, హోటళ్ల ఎంగిలి, తొట్టెలు పొంగి వీధిన పడిన ఇంటి చెత్త కుక్కలకు నిత్యాహారం. ఈ విషయంలో సూరత్‌కు ఒక చేదు చరిత్ర ఉంది. 1994 సెప్టెంబరులో ఆ నగరంలో ప్లేగు ప్రబలింది. పదుల సంఖ్యలో మరణాలు సంభవించాయి. లక్షల మంది కొద్ది రోజుల్లోనే నగరాన్ని విడిచి వెళ్లారు. మురుగు, పేరుకున్న చెత్త, ఎలుకలు ఆనాటి చర్చకు కేంద్రమయ్యాయి.

1995లో నగరపాలక కమిషనర్‌గా బాధ్యతలు చేపట్టిన తెలుగు ఐఏఎస్ అధికారి సూర్యదేవర రామచంద్రరావు పరిపాలన తీరునే మార్చారు. కమిషనర్ అధికారాలను జోన్లకు పంచారు. అధికారులు ఉదయం పూట కార్యాలయాల్లో కాకుండా వీధుల్లో ఉండాలని ఆదేశించారు. ఫిర్యాదు అందితే ఎవరు, ఎన్ని గంటల్లో పరిష్కరించాలో నిర్ణయించారు. ఆ తర్వాత రెండేళ్లలోనే సూరత్ దేశంలోని పరిశుభ్ర నగరాల్లో ఒకటిగా పేరు పొందింది. 1998లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇందౌర్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచింది.

అదే 2023లో ఖజోద్ ఘటన కూడా జరిగింది. రోడ్డు మీది చెత్తను తొలగించడంలో దేశానికి ఆదర్శంగా నిలిచిన నగరంలో, శివారు కూలీల నివాసాల్లోని పసిబిడ్డకు రక్షణ దొరకలేదు. పారిశుద్ధ్యం మెరుగుపడితే కుక్కల బెడద దానంతట అదే పోతుందన్నది అర్ధసత్యమని ఇది తెలుపుతోంది. చెత్త తొలగింపునకు ఏ వీధికి ఎవరు బాధ్యులో నిర్ణయించినట్లే, శస్త్రచికిత్సకూ టీకాకూ వార్డువారీ బాధ్యులను నిర్ణయించవలసి ఉంది. నిర్మాణ పనులు సాగే శివారు ప్రాంతాలు, తాత్కాలిక గుడిసెలు ఆ లెక్కలో చివరకు కాక మొదటికి రావాలి.

ఈ అంశం సూరత్‌లోని తెలుగువారికీ సంబంధించినదే. తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వెళ్లిన నేత కార్మికులు, ముఖ్యంగా పద్మశాలీలు లింబాయత్ తదితర ప్రాంతాల్లో స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నిర్వహిస్తూ వస్తోంది. మరమగ్గాల కార్ఖానాల్లో పన్నెండు గంటల చొప్పున పగలూ రాత్రీ పని నడుస్తుంది. రాత్రి పాళీ ముగించుకుని ఇరుకు వీధుల్లో నడిచి ఇంటికి చేరే కార్మికునికి, కారులో తిరిగే వ్యక్తికి వీధి కుక్క ఒకేలా కనిపించదు.

పాత సంప్రదాయం, కొత్త బాధ్యత

మూగజీవాల సంరక్షణ సూరత్‌కు కొత్త కాదు. 1689లో సూరత్ యాత్రకు బయలుదేరి, అక్కడ ఈస్టిండియా కంపెనీ మతగురువుగా పనిచేసిన జాన్ ఓవింగ్టన్, నగర సమీపంలో జబ్బుపడిన, కుంటివైన ఆవులు, గుర్రాలు, మేకలు, కుక్కలను చూసుకునే జంతు ఆసుపత్రి గురించి తన యాత్రాగ్రంథంలో రాశాడు. జైన, వైష్ణవ వర్తకుల విరాళాలతో నడిచే పాంజరాపోల్ సంప్రదాయం గుజరాత్‌లో నేటికీ కొనసాగుతోంది. 1832లో బొంబాయిలో కంపెనీ ప్రభుత్వం వీధి కుక్కలను చంపించే పని చేపట్టగా పార్సీలు, హిందువులు తిరగబడ్డారు. ఆ అల్లర్ల తర్వాత 1834లో జంషెడ్‌జీ జీజీభాయ్ తదితరుల చొరవతో అక్కడ పాంజరాపోల్ ఏర్పడింది.

ఆ రోజుల్లో సంరక్షణ దాతల ధర్మం. నేడు అది చట్టబద్ధమైన ప్రజా బాధ్యత. రెండింటికీ తేడా ఉంది. దాత తన శక్తి మేరకు చేస్తాడు, చేయలేకపోతే అడిగేవారు లేరు. పన్ను వసూలు చేసే సంస్థ చేయకపోతే పౌరుడు అడగవచ్చు, న్యాయస్థానం ఆదేశించవచ్చు. శస్త్రచికిత్స ద్వారా సంఖ్యను అదుపు చేసే మార్గాన్ని మన దేశంలో ముందుగా ప్రతిపాదించినది కూడా స్వచ్ఛంద సంస్థలే. 1960వ దశకంలోనే చెన్నైలోని బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా ఈ ఆలోచనను ముందుకు తెచ్చింది. అక్కడి నగరపాలక సంస్థ దాన్ని అంగీకరించడానికి 1996 వరకు పట్టింది. అదే ఏడాది విశాఖపట్నంలో విశాఖ జంతు సంరక్షణ సంఘం ప్రారంభమైంది. హైదరాబాద్‌లో 1990వ దశకం తొలినాళ్లలో అక్కినేని అమల బ్లూక్రాస్‌ను స్థాపించారు. తెలుగు నగరాల్లో ఈ పనికి పునాది వేసినవి ఇటువంటి సంస్థలే. అయితే లక్షల సంఖ్యలోని కుక్కల భారాన్ని దాతృత్వం ఒక్కటే మోయలేదు.

రేబిస్: తప్పించగలిగిన మరణం

వీధి కుక్కలపై చర్చలో అసలు ముప్పు రేబిస్. లక్షణాలు కనిపించిన తర్వాత ఈ వ్యాధి దాదాపు నూటికి నూరుపాళ్లు ప్రాణాంతకం. కాటు పడిన వెంటనే సరైన చికిత్స అందితే దాదాపు పూర్తిగా నివారించవచ్చు. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారానే వస్తుంది. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది దీనికి బలవుతున్నారని అంచనా. 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాటు కేసులు నమోదైనట్లు ప్రభుత్వ గణాంకాలు చెబుతున్నాయి. అదే ఏడాది రేబిస్ అనుమానిత మరణాలుగా నమోదైనవి 54 మాత్రమే. దేశంలో ఏటా సుమారు 5,700 మంది రేబిస్‌తో మరణిస్తున్నారని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం అంచనా వేసింది. నమోదుకూ వాస్తవానికీ మధ్య ఎంత దూరం ఉందో ఈ రెండు అంకెలు చూపుతున్నాయి.

కాటు పడితే గాయాన్ని పారే నీటితో, సబ్బుతో కనీసం 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకు పసర్లు పూయరాదు. ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. చర్మంలోపలి పొరకు ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, ఆపై 3, 7, 28 రోజుల్లో మోతాదులు ఉంటాయి. నెత్తురు కారేలా చర్మం చిట్లినపుడు టీకాతో పాటు గాయంలో రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. సూరత్‌లో ప్రభుత్వ న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థ నిర్వహణలోని స్మీమెర్ ఆసుపత్రి ప్రధాన ప్రజా వైద్యశాలలు. టీకా నిల్వ ఉండటం ఎంత ముఖ్యమో, ఇమ్యునోగ్లోబులిన్ అందుబాటు, చివరి మోతాదు వరకు రోగిని పిలిపించే ఏర్పాటు కూడా అంతే ముఖ్యం. రోజు కూలీ వదులుకుని నాలుగుసార్లు ఆసుపత్రికి రావడం పేదలకు భారం. మోతాదులు మధ్యలో ఆగిపోవడానికి ఇదొక కారణం.

2030 నాటికి కుక్కల ద్వారా సంక్రమించే రేబిస్‌ను నిర్మూలించాలన్న లక్ష్యంతో కేంద్రం 2021 సెప్టెంబరు 28న, ప్రపంచ రేబిస్ దినం నాడు, జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. ఇది సాధ్యమేనని గోవా చూపింది. అక్కడ ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఏటా ఇంటింటికీ, వీధివీధికీ తిరిగి కుక్కలకు టీకాలు వేశాయి. పాఠశాలల్లో అవగాహన కల్పించాయి. 2021లో గోవాను రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు.

సుప్రీంకోర్టు ఆదేశాలు

2025 జులైలో, ఢిల్లీలో కుక్కకాట్లు, రేబిస్ మరణాలపై వచ్చిన పత్రికా కథనం ఆధారంగా సుప్రీంకోర్టు సుమోటోగా కేసు చేపట్టింది. ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఢిల్లీ, పరిసర నగరాల్లోని వీధి కుక్కలన్నిటినీ పట్టి ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని, తిరిగి వదలరాదని ఆదేశించింది. దీనిపై దేశవ్యాప్తంగా భిన్నాభిప్రాయాలు వ్యక్తమయ్యాయి. ఆగస్టు 22న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా, జస్టిస్ ఎన్.వి. అంజారియా ధర్మాసనం ఆ ఆదేశాన్ని సవరించింది. శస్త్రచికిత్స, టీకా, నులిపురుగుల మందు పూర్తయిన కుక్కలను పట్టిన చోటే వదలాలని, రేబిస్ సోకినవాటిని, అనుమానితమైనవాటిని, దూకుడు స్వభావం గలవాటిని మాత్రం వదలరాదని పేర్కొంది. వీధుల్లో ఇష్టం వచ్చినచోట ఆహారం పెట్టడాన్ని నిషేధిస్తూ, ప్రతి వార్డులో ప్రత్యేక ఆహార కేంద్రాలు ఏర్పాటు చేయాలని నగరపాలక సంస్థలను ఆదేశించింది. కేసు పరిధిని దేశమంతటికీ విస్తరించింది.

నవంబరు 7న ధర్మాసనం మరో అడుగు వేసింది. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్సు స్టేషన్లు, డిపోలు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని వీధి కుక్కలను తొలగించి, శస్త్రచికిత్స, టీకా తర్వాత ఆశ్రయ కేంద్రాల్లో ఉంచాలని, తిరిగి అదే ప్రాంగణంలో వదలరాదని ఆదేశించింది. కంచెలు, ప్రహరీల ఏర్పాటు, ప్రతి సంస్థలో బాధ్యుడైన అధికారి నియామకం, స్థానిక సంస్థల తనిఖీలు ఇందులో భాగం.

ఈ ఆదేశాలతో స్థానిక సంస్థల పని రెట్టింపైంది. ఇప్పటి వరకు వాటికి శస్త్రచికిత్స కేంద్రాలు చాలేవి. ఇకపై శాశ్వత ఆశ్రయాలూ కావాలి. ఆశ్రయమంటే నాలుగు గోడలు కాదు. రోజూ తిండి, నీరు, శుభ్రత, పశువైద్యం, కొట్లాడుకునే కుక్కలకు వేర్వేరు గదులు ఉండాలి. వాటికి ఏటా నిధులు కేటాయించాలి. లేకపోతే ఇరుకు కేంద్రాల్లోనే అంటువ్యాధులు ప్రబలి, క్రూరత్వ నివారణ పేరిట క్రూరత్వం జరిగే ప్రమాదం ఉంది.

పరిహారం, పౌరుల పాత్ర

విధి నిర్వహణలో వైఫల్యానికి మూల్యం ఎవరు చెల్లించాలన్న అంశంపైనా న్యాయస్థానాలు స్పందించాయి. కేరళలో కుక్కకాటు బాధితుల పరిహార దరఖాస్తుల పరిశీలనకు సుప్రీంకోర్టు 2016లో జస్టిస్ సిరిజగన్ కమిటీని నియమించింది. 2023 నవంబరులో పంజాబ్, హరియాణా హైకోర్టు ఒక్కో పంటిగాటుకు కనీసం రూ.10 వేలు, చర్మం నుంచి కండ ఊడిన గాయానికి ప్రతి 0.2 సెంటీమీటర్లకు కనీసం రూ.20 వేలు పరిహారంగా నిర్దేశించింది. ప్రాథమిక బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదేనని తేల్చింది.

కుక్కలకు ఆహారం పెట్టేవారికి, వాటికి భయపడేవారికి మధ్య ప్రతి కాలనీలోనూ ఘర్షణలు జరుగుతున్నాయి. 2023 నిబంధనలు దీనికి మధ్యేమార్గం సూచించాయి. పిల్లల ఆటస్థలాలు, మెట్లు, రాకపోకల ద్వారాలకు దూరంగా, జన సంచారం తక్కువగా ఉండే వేళల్లో ఆహారం పెట్టేలా నివాసుల సంఘం ఏర్పాట్లు చేయాలి. వివాదం వస్తే పశువైద్యాధికారి, పోలీసు, సంక్షేమ సంస్థ ప్రతినిధులతో కూడిన కమిటీ పరిష్కరించాలి. నిజానికి ఆహారం పెట్టేవారు స్థానిక సంస్థకు ఉపయోగపడగలరు. తెలియని మనిషి వలకు దొరకని కుక్క, రోజూ అన్నం పెట్టే చేతికి దొరుకుతుంది. ఏ కుక్కకు చెవి గాటు లేదో, ఏది ఈనిందో వారికే ముందుగా తెలుస్తుంది. పెంచుకున్న కుక్కను ముసలిదైందనో జబ్బుపడిందనో వీధిలో వదిలేసే యజమానుల బాధ్యతను కూడా విస్మరించరాదు.

పౌరుడు తన నగరపాలక సంస్థను అడగదగిన ప్రశ్నలు కొన్నే. మా వార్డులో ఎన్ని కుక్కలున్నాయి? వాటిలో ఎన్నిటికి శస్త్రచికిత్స, ఈ ఏడాది టీకా జరిగాయి? ఫిర్యాదు ఎవరికి చేయాలి? ఆహార కేంద్రం ఎక్కడ? సమీప ఆసుపత్రిలో ఇమ్యునోగ్లోబులిన్ ఉందా? వీటికి వార్డు కార్యాలయం గోడ మీదే సమాధానం కనిపించే నగరంలో బాధ్యత నెరవేరుతున్నట్లు లెక్క. ప్లేగు తర్వాత సూరత్ చెత్త విషయంలో చేసి చూపినది అదే. శివారు గుడిసెలోని బిడ్డకూ, ఆ గుడిసె ముందు తిరిగే కుక్కకూ ఆ పద్ధతి వర్తించినప్పుడే ఆ పని పూర్తవుతుంది.